నాలుగింటి పాట

“పదకొండు నాది, పన్నెండు మీది. లెక్క ఎక్కడైనా ఇంతే బాబూ,” అంది సంగీతం టీచరు. అన్నది గుసగుసగా. ఆమెకు గొంతు పోయి మూడు రోజులైంది.

“తెలుసమ్మా. కానీ నాలుగింటికి నాకు పాట ఉంది. ఈలోగా గొంతు రాకపోతే నా పని అయిపోయినట్టే,” అన్నాడు పన్నెండో నంబరు. అదీ గుసగుసే.

అది గొంతు డాక్టరు గది బయట వరండా. వచ్చినవాళ్ళంతా గుసగుసలాడటం చూసి, నిక్షేపంలాంటి గొంతున్న నర్సు కూడా నంబర్లు గుసగుసగానే పిలుస్తోంది. వినపడక అప్పటికే ఇద్దరు వంతు పోగొట్టుకున్నారు.

పన్నెండో నంబరు ఆయన వేలాలు వేస్తాడు. ఆ మాట ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. మన భాషతో వచ్చిన చిక్కే ఇది. వేలంలో ధర పెంచినా పాడటమే, సభలో గొంతెత్తినా పాడటమే. డాక్టరుకీ కేసులే, లాయరుకీ కేసులే. కుట్లు దర్జీ వేస్తాడు, డాక్టరూ వేస్తాడు. ఇన్ని వృత్తులు కనిపెట్టిన మనవాళ్ళు మాటల దగ్గరికొచ్చేసరికి పిసినారులైపోయారు.

పాట అనే మాట చెవిన పడగానే టీచరు మొహం విప్పారింది.

“మీరూ ఈ విద్యలోనే ఉన్నారా? ఎవరి దగ్గర నేర్చుకున్నారు?”

“మా మామ దగ్గరమ్మా. ఆయన గొంతెత్తితే వీధి చివర నిలబడ్డవాడు కూడా చెయ్యెత్తేవాడు.”

ఆ చెయ్యి దణ్ణం పెట్టడానికి లేచిందనుకుంది టీచరు.

“జనం బాగా వస్తారా?”

“వస్తారు. ఒకరిని మించి ఒకరు పాడతారు.”

“మీతోపాటు వాళ్ళూనా?”

“నేను పాడనమ్మా. వాళ్ళచేత పాడిస్తాను.”

“గురువంటే అలా ఉండాలి. మా పిల్లలైతే బతిమాలినా నోరు విప్పరు.”

“బతిమాలితే లాభం లేదమ్మా. ‘ఇంతేనా? ఇంతేనా?’ అని రెచ్చగొట్టాలి. పైకి వాళ్ళే పోతారు.”

ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన తనకు ఈ కిటుకు తట్టనందుకు టీచరు సిగ్గుపడింది.

“ఇవాళ నేను పోకపోతే మా బావమరిదిని నిలబెడతారు,” అన్నాడాయన. “వాడు ఒక్కసారి నిలబడ్డాడంటే ఇక నా మొహం చూసేవాడుండడు. భయంగా ఉందమ్మా.”

టీచరు కాసేపు తన చీటీ వంక చూసుకుంది.

“నాకూ నాలుగింటికే పనుంది బాబూ. కాకపోతే నాది ఒక్క మాట, మీది నిండు పాట. మాట కోసం పాటని ఆపితే నా విద్యకే తప్పు.”

తన చీటీ ఆయన చేతిలో పెట్టి, ఆయన చీటీ తను తీసుకుంది. ఆయన రెండు చేతులూ జోడించి, నర్సు పదకొండు అనగానే లోపలికి పరిగెత్తాడు.

పావుగంట తర్వాత “అమ్మా!” అంటూ బయటికొచ్చాడు. ఆ కేకకి వరండాలో కునికిపాట్లు పడుతున్నవాళ్ళంతా ఉలిక్కిపడి లేచారు. డాక్టరు ఆయన గొంతులో ఏదో మందు చల్లి, రాత్రిదాకా ఢోకా లేదన్నాడట. ఆయన వెనకే నర్సు వచ్చింది. డాక్టరుగారు అర్జంటు ఆపరేషన్‌కి వెళ్తున్నారని, మిగతావాళ్ళు ఆరు దాటాక రావాలని చెప్పింది.

టీచరు గడియారం వైపు చూసింది. మూడు కావస్తోంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఆయన ప్రాణం చివుక్కుమంది.

“ఏడవకండమ్మా. ఈ గొంతు మీరిచ్చిందే. ఆ ఒక్క మాటా నేను చెప్తాను. ఎక్కడ చెప్పాలో, ఎవరికి చెప్పాలో చెప్పండి.”

“మరి మీ పాట?”

“మీ మాట తర్వాతే నా పాట. నా పిల్లల మీద ఒట్టు.”

“ఎంత మాటన్నారు బాబూ,” అని టీచరు కళ్ళు తుడుచుకుంది. చుట్టూ ఓసారి చూసి, ఆయన చెవి దగ్గరికి వంగింది.

“నాలుగింటికి మా సంగీత పాఠశాలని వేలం వేస్తున్నారు. మూడోసారి అనేలోపు ఎవరైనా అడ్డం చెప్తే ఆగిపోతుందట, అందుకని ఆ వేలం వేసేవాడు ‘రెండోసారి’ అనగానే మీరు లేచి, వాడి మొహం మీదే ‘ఆపరా’ అని గట్టిగా అరవండి.”