ఉల్లిపాయల సూప్

జ్వరం తగ్గింది గానీ, నా నోటికి రుచి తిరిగి రాలేదు. ఆ సంగతి మా ఆవిడకు చెప్పలేదు. చెబితే బయట తినడం మానేస్తుంది. మా ఇద్దరికీ ఉన్న సరదా అదొక్కటే: ఒక వారం ఇండియన్ రెస్టారెంట్, మరో వారం ఫ్రెంచ్.

తిండి దగ్గర ఆవిడకు మొహమాటం లేదు. పప్పులో ఉప్పు రవ్వంత తగ్గినా వంటవాణ్ణి టేబుల్ దగ్గరికి పిలిపించి మరీ కడిగేసే మనిషి.

ఈసారి ఫ్రెంచ్ వంతు. ఉల్లిపాయల సూప్ వచ్చింది.

"ఎలా ఉందండీ?" అంది.

"అదిరిపోయింది. ఉప్పు భలే కుదిరింది" అన్నాను, లొట్టలు వేస్తూ.

"కదా" అంది, తన గిన్నెలోకే చూస్తూ.

తినడం పూర్తయ్యాక వెయిటర్ పరుగున వచ్చాడు. "క్షమించండి సార్. ఇవాళ సూప్‌లో ఉప్పు వెయ్యడమే మర్చిపోయారు. అందరూ తిప్పి పంపేస్తున్నారు. మీకు వేరే తెస్తాను."

ఆవిడ గిన్నె వైపు చూశాను. చుక్క మిగల్లేదు.

"వద్దు బాబూ, మాకు బాగానే ఉంది" అంది ఆవిడ.

నాకు జ్వరం తగ్గినప్పటి నుంచీ ఆవిడ ఏ వంటవాణ్ణీ పిలిపించలేదని అప్పుడు గుర్తొచ్చింది.