వాల్వ్ మార్చాలి

"కొనడానికొచ్చాం. కొనే వెళ్తాం," అంది గంగాభవాని, దుప్పట్లో చుట్టిన పాత యాంప్లిఫయర్‌ని కొట్టు గుమ్మంలో దించి.

"దాన్ని ఇంట్లో ఉంచమన్నానా లేదా?" అన్నాడు గంగాధరరావు. గిటారు భుజానికి తగిలించుకుని మెట్ల మలుపులోనే నిలబడ్డాడు. పద్దెనిమిది మెట్లకి రెండుసార్లు ఆగాడు. అడిగితే మోకాలి నొప్పన్నాడు.

సీతమ్మధారలో మొదటి అంతస్తులో సంగీత వాయిద్యాల కొట్టు. కింద మందుల షాపు. కౌంటర్ వెనకనుంచి సందీప్ లేచి స్టూలు జరిపాడు.

"రండి సార్, కూకోండి. ఏటి కావాలండి?"

"వాల్వులున్న యాంప్ బాబూ," అంది భవాని. "చిన్నది. ఈయన గిటారుకి. పాతదాంట్లో వాల్వ్ పోయిందంట. నెల రోజుల్నుంచి ఇంట్లో ఇదే గోల."

నిజానికి గోల కాదు, గుసగుస. ఆయన స్టీల్‌ప్లాంటులో తనతో పనిచేసే ఎల్లారావుకి పెరటి తలుపు దగ్గర నిలబడి ఫోన్లో చెప్తుంటే ఆమె విన్నది. 'బావా, వాల్వ్ మార్చాల్సిందేనంట. ఇంక ఆగకూడదంట. భవానికి మాత్రం చెప్పకు.' ఏ వాల్వని అడిగింది. ఆయన గదంతా ఓసారి చూశాడు. తర్వాత మూలనున్న యాంప్లిఫయర్ చూపించాడు. ఖర్చంటే తను అరుస్తుందని దాచాడనుకుంది. 'చెప్పకు' అన్న మాటే ఆమెకి గుచ్చుకుంది. తను అంత పిసినారిలా కనిపిస్తోందా? అందుకే ఇవాళ కొత్తదే కొందామని లాక్కొచ్చింది. దువ్వాడ నుంచి పాత డబ్బాని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చింది.

సందీప్ మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు.

"ట్యూబన్నా వాల్వన్నా ఒకటేనండి. ఇది ఒక వాటు, గదిలో కూకుని వాయించుకోడానికే. ఇది పదిహేను, పక్కింటోళ్ళు గొడవకొచ్చెత్తారు. ఈ అయిదు వాట్లది సూడండి. ఈ స్విచ్ కిందికేస్తే అర వాటే. ఇంట్లో మెల్లగా, ఫంక్షన్లో గట్టిగా. మెలోడీకి శుభ్రంగా ఉంటాది. ఇది తిప్పితే గరగరమంటాది. అన్నిటికీ ఇదొక్కటే పనికొస్తాది."

"అదే చూపించు. కాలనీ ఆర్కెస్ట్రాలో భజన దగ్గర్నుంచి బారాత్ దాకా ఈయనే."

గంగాధరరావు డబ్బా చుట్టూ చూశాడు. "ఎత్తు," అన్నాడు భార్యతో.

"నేనెందుకూ?"

"ఎత్తగలవో లేదో చూడు."

ఆమె ఎత్తి దించింది. "ఎత్తగలను. కూలీ దొరికిందని సంబరమా?"

"కొన్నాళ్ళు నువ్వే మొయ్యాలి మరి," అన్నాడు. నవ్వలేదు.

సందీప్ స్విచ్ వేశాడు. "ఒక్క నిమిషమండి. వేడెక్కాలి."

వెనక జాలీ లోపల మూడు గాజు గొట్టాలు ఎర్రబడ్డాయి. భవాని వంగి చూసింది.

"వాల్వులంటే ఇవేనా? బొటనవేలంత లేవు. ముప్పయ్యేళ్ళు స్టీల్‌ప్లాంటులో గేటంత వాల్వులు మార్చిన మనిషి బాబూ ఈయన. దీనికి నెల్రోజులు ఫోన్లు!"

"ఇయి సులువండి. బల్బు తీసి బల్బు పెట్టినట్టే."

"పాడైతే ముందే తెలుస్తుందా?"

"తెలుస్తాదండి. ముందు సౌండు డల్లవుతాది. తర్వాత మధ్యమధ్యలో దడదడమంటాది. అప్పటికీ మార్చకపోతే ఏదో రోజు టక్కున ఆగిపోతాది."

"మారిస్తే?"

"మారిస్తే మళ్ళీ ఏళ్ళ తరబడి లాగుతాదండి. బయపడాల్సింది ఏటీ లేదు."

"విన్నారా?" అంది భవాని. "భయపడాల్సిందేమీ లేదంట."

గంగాధరరావు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"విన్నాను," అన్నాడు.

స్టూలు మీద కూర్చుని గిటారు వైరు యాంప్‌కి తగిలించాడు. మెల్లగా వాయించాడు. పెళ్ళిళ్ళలో వాయించేది కాదు. ఆదివారాలు ఆమె కూర తరుగుతుంటే వంటింటి గుమ్మంలో కూర్చుని వాయించే ముక్క. సందీప్ స్విచ్ మార్చి ఈసారి గట్టిగా కొట్టమన్నాడు. ఆయన రెండు వరసలు కొట్టి చెయ్యి దించేశాడు. నుదురు తుడుచుకున్నాడు.

"చాలు. ఇదే తీసుకుందాం భవానీ. పద."

ఇంత త్వరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. గుమ్మం దగ్గరికెళ్ళి దుప్పటి ముడి విప్పడం మొదలుపెట్టింది.

"బాబూ, ఈ పాతదాన్ని కూడా ఓసారి విప్పు. పోయింది ఒక్క వాల్వేగా. మిగతావి బాగుంటే తీసి ఇయ్యి. కొత్తదానికి స్పేరుగా ఉంటాయి."

"వద్దు." గంగాధరరావు లేచాడు. "దాన్ని విప్పకు."

"ఏం? మంచి వాల్వులు పారేస్తారా?"

"ఇంటికెళ్ళాక చెప్తాను. ముందు పద."

"ఇంటికెళ్ళాక విప్పేదెవరు? మీ సంగతి నాకు తెలీదా, మళ్ళీ నెల్రోజులు ఎల్లారావుతో గుసగుసలు. మీరు ఊరుకోండి. నువ్వు విప్పు బాబూ."

సందీప్ ఇద్దరి మొహాలూ చూశాడు. డబ్బాని బల్ల మీదికి ఎత్తి వెనక్కి తిప్పాడు. నాలుగు స్క్రూలు తీసి వెనక చెక్కని పక్కన పెట్టాడు. ఫోన్ లైటు వేసి లోపలికి చూశాడు. గంగాధరరావు ఎడమవైపు చొక్కా జేబు మీద అరచెయ్యి ఆనించుకుని మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎన్ని బాగున్నాయి?" అంది భవాని. గాజువి కదా, కింద పడకుండా కొంగు పట్టింది.

సందీప్ లైటు ఆర్పాడు.

"ఇది ట్రాన్సిస్టర్‌దండి మేడమ్. ఇందులో అసలు వాల్వులే ఉండవు."