కొండ దిగిన సభ

అడవిలో నీళ్లతొట్టి అంచు ఏనుగు మోకాలంత ఎత్తు. ముసలి తాబేలుకు ఒలికిన చుక్కలే గతి.

"తొట్టి సంగతి సభలో ఎవరూ అడగలేదే!" అనేది సభ నడిపే పెద్ద ఏనుగు. సభ కొండ మీద జరిగేది. తాబేలు ఎక్కేసరికి అందరూ దిగిపోయేవారు.

"నీళ్లు అందరి హక్కు! సభ కిందికి రావాలి!" అని ఉడుత అరిచింది.

"గొంతెండిపోతుందే పిల్లా," అని నక్క నవ్వింది.

"ఎండింది తాబేలు తాత గొంతు!"

ఆ రోజు సభకు ఏనుగు తప్ప ఎవరూ కొండెక్కలేదు. అందరూ తొట్టి దగ్గరే కూర్చున్నారు. పైన ఒంటరిగా నిలబడ్డ ఏనుగు చివరికి దిగివచ్చింది. "ఏం కావాలి తాతా?"

"ఎక్కడానికి ఒక పక్క మట్టి పోయించు నాయనా."

ఏనుగే పోసింది. అందరూ తొక్కి గట్టిచేశారు. తాబేలు పాకుతూ ఎక్కి, నీళ్లలో మూతి పెట్టి, ఎంతకీ తీయలేదు.

"మెల్లగా తాతా," అంది ఉడుత. "నీళ్లెక్కడికీ పోవు."