నాగేశ్వర బీము

"ఈ బీము గూడా ఆ పొద్దు మాదిరే విరిగితే, తప్పు నా లెక్కదేనని ఒప్పుకొని రిటైరైపోతా," అన్నాడు నాగేశ్వర.

"విరగకపోతే?" అంది సునంద.

"తప్పు ఎవరిదో తేలాల!"

చదువుకునే రోజుల్లో ఈ కాలేజీ ల్యాబులోనే ఇద్దరూ కలిసి ఒక కాంక్రీటు బీము పోశారు. లెక్క కట్టింది నాగేశ్వర. గోనెపట్టాలు కప్పి, నీళ్ళు పోసి, బాగా గట్టిపడేదాకా దాన్ని తడిగా ఉంచే పని సునందది. తీరా పరీక్ష రోజున, అది లెక్కలో సగం బరువుకే ఫట్టుమంది. క్లాసంతా పగలబడి నవ్వింది. జుట్టు నెరిసినా ఆ నవ్వు నాగేశ్వర చెవుల్లోంచి పోలేదు. అందుకే ఇదే కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దిగిపోయే ముందు అదే కడ్డీతో, అవే పాళ్ళతో ఇంకో బీము పోయించి, గుత్తి నుంచి సునందను పిలిపించాడు.

ల్యాబు అసిస్టెంటు నరేంద్ర బీము మీద బరువు ఎక్కించే జాకీ బిగించాడు. బరువు పెరుగుతోంది. నాగేశ్వర ఊరికే ఉండలేక పాత కబుర్లలో పడ్డాడు.

"ఆ బీము పోసిన ఏడు ఏం కరువు సునందా! హాస్టల్లో కొళాయిలన్నీ ఎండిపాయ. అందరూ స్నానం లేక కంపు కొడతాంటే, మెస్సులో వంట చేసే హనుమంతమ్మ నాకు మాత్రం పొద్దున్నే బిందెడు నీళ్ళు తెచ్చి వాకిట్లో పెడతాండె. ఎంత మంచి మనసప్పా ఆమెది!"

"గుర్తుండాదిలే. తల దువ్వి, పౌడరు కొట్టుకొని నువ్వొక్కడివే పెండ్లికొడుకు మాదిరి క్లాసుకు వస్తాంటివి."

"సార్, అప్పుడు విరిగిన బరువు దాటింది!" అని అరిచాడు నరేంద్ర.

"ఇంకా ఎక్కించు!"

బీము ఇంకా మోసింది, మోసింది. చివరికి ఫెళ్ళుమంది.

"సరిగ్గా మీ లెక్క కాడికే విరిగింది సార్!"

నాగేశ్వర చిన్నపిల్లాడిలా గంతేశాడు. కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ భారం దిగిపోయింది. అంతలోనే మొహం చిట్లించి సునంద వైపు తిరిగాడు.

"చూస్తివా? సిమెంటు అదే, కడ్డీ అదే, నా లెక్కా సరే. మరి ఆ పొద్దు ఎందుకు విరిగె? నువ్వు దానికి రోజూ నీళ్ళు పోస్తాంటివి కదా?"

సునంద కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది. తర్వాత నేల చూపులు చూస్తూ మెల్లగా అంది.

"బీముకని ల్యాబోళ్ళు నాకు రోజుకు ఒక్క బిందె ఇస్తాండ్రి నాగేశ్వరా. ఆ కరువులో హనుమంతమ్మకు నేనిచ్చిందిగాక ఇంకో బిందె యాడిది?"