అభ్యంతరం లేదు

దరఖాస్తులో పదకొండో గడి దగ్గర స్టీఫెన్ పెన్ను ఆగింది. "ఏదైనా కేసులో శిక్ష పడిందా?" అని ఉందక్కడ.

"లేదని రాయి. తొమ్మిదేండ్ల కిందటి ముచ్చట ఎవ్వడు తవ్వుతడు?" అంది భార్య మనీషా.

స్టీఫెన్ ప్లంబరు. గోడలో దాచిన లీకు ఎప్పటికైనా చెమ్మై బయటపడుతుందని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. "పడింది" అని రాశాడు. దొంగతనం కేసు. ఏడాది జైలు.

లైసెన్సు లేనివాడు కొత్త ఇళ్లకు నల్లా కనెక్షన్ ఇవ్వడానికి లేదు. ఇన్నాళ్లూ యాదగిరి అనే పాత ప్లంబరు లైసెన్సు మీద బండి నడిచింది. చెమట స్టీఫెన్‌ది, సంతకం యాదగిరిది. మోకాళ్లు అరిగిపోయి ఆ యాదగిరి పని మానేశాడు. తూంకుంట చుట్టూ ఇళ్లు పుట్టగొడుగుల్లా లేస్తుంటే, స్టీఫెన్ కారే కుళాయిలకు వాషర్లు మార్చుకుంటూ కూర్చున్నాడు.

మున్సిపాలిటీ ఇంజనీరు వెంకటేశ్వరరావు దరఖాస్తు చదివి కళ్లద్దాలు తీశాడు.

"శిక్ష పడినవాడికి ఇవ్వకూడదని నేననను. కానీ నువ్వు నలుగురి ఇళ్లల్లోకి వెళ్లి పనిచేసేవాడివి. రేపు పైవాళ్లు అడిగితే నా దగ్గర జవాబుండాలి." సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. "నీ మీద కేసు పెట్టినవాళ్లతో అభ్యంతరం లేదని ఇది నింపించుకు రా. సోమవారం ఆఖరు. వాళ్లెక్కడున్నారో తెలుసా?"

"తెల్సు సార్. అలియాబాద్‌ల."

రెండు రోజులు ఆ కాగితం జేబులోనే నలిగింది. ఆదివారం మధ్యాహ్నం ఇక తప్పక బండి తీశాడు.

కేసు పెట్టిన దానమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చింది. వాకిట్లో అతన్ని చూసి నిలబడిపోయింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఏమని పిలవాలో తోచక స్టీఫెన్ కాగితం చాపాడు.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది.

"తొమ్మిదేండ్లల్ల ఒక్కపారి రాలే. ఇయ్యాల కాయిదం కోసం వచ్చినవ్."

అతను తల వంచుకున్నాడు. ఈ పెరట్లోంచే బోరు మోటారు, కేబులు ఎత్తుకుపోయి తుక్కు దుకాణంలో అమ్మి తాగాడు. మూడో రోజే దొరికాడు. దొరికింది ఎవరో తెలిశాక ఎస్సై కూడా రాజీ పడమన్నాడు. దానమ్మ పడలేదు. కోర్టులో లేచి నిలబడి వేలు చూపించింది. ఆ వేలు వణకలేదు. నిజానికి కోపం ఆమెకు ఉండాలి. తొమ్మిదేళ్లు మోసింది మాత్రం స్టీఫెన్.

పెరట్లో కుళాయి కారుతోంది. కింద బకెట్టు నిండి పొర్లుతోంది. ఏం మాట్లాడాలో తెలియనివాడికి అదో దారి. స్టీఫెన్ బండి మీది సంచి తెచ్చుకున్నాడు. వాల్వు ఎక్కడుందో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. జామచెట్టు వెనక బండ జరిపి నీళ్లు కట్టేశాడు. దొంగతనం చేసినవాడికి పెరడు తెలియకపోతుందా.

ఆమె అరుగు మీద కూర్చుని అతని చేతులే చూసింది.

"ఏడ నేర్సుకున్నవ్ గీ పని?"

"జైల్ల."

కుళాయి కారడం ఆగింది. దానమ్మ లోపలికి వెళ్లి చాయ్ తెచ్చింది, పొగలు పోయేదాకా చల్లార్చి.

"ఇయ్యాల బల్ల ఆదివారం. నేను తీసుకోలే," అంది.

మనసులో ఎవరి మీదైనా కక్ష పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టుకోకూడదని ఆ సంఘంలో గట్టి పట్టింపు.

"తొమ్మిదేండ్ల సంది తీసుకోలే. పాస్టరయ్య అడిగి అడిగి యాష్టకొచ్చిండు."

"నేను గూడ ముట్టలే," అన్నాడు స్టీఫెన్ గ్లాసులోకి చూస్తూ.

"కేసు పెట్టినందుకు నాకేం రంది లేదు. నువ్ జేసింది తప్పే. ఆనాడు రాజీ పడితే ఇయ్యాల్టికి ఊర్ల మోటార్లన్నీ ఎత్తుకపోతుందువు."

అతను ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టాడు.

ఆమె కాగితం తీసుకుని లోపలికి వెళ్లింది. ఎంతకీ రాలేదు. వచ్చేసరికి కాగితం నాలుగు మడతలు పడి ఉంది.

"ఈడ ఇప్పకు. ఆఫీసుల ఇయ్యి."

దారి పొడుగునా ఆ మడతలు జేబులో గుచ్చుకున్నాయి. ఏం రాసిందో. కోర్టులో వణకని చెయ్యి కాగితం మీద వణుకుతుందా? శామీర్‌పేట దగ్గర బండి ఆపి, విప్పబోయి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. మనీషా అడిగితే కసురుకున్నాడు.

సోమవారం ఇంజనీరు కాగితం విప్పాడు. చదివాడు. మళ్లీ చదివాడు. స్టీఫెన్ మొహంలోకి చూశాడు.

స్టీఫెన్ ఆగలేకపోయాడు. "వద్దని రాసిందా సార్?"

"అభ్యంతరం లేదనే రాసింది. కానీ ఇదేంటయ్యా, ఈ సంగతి నాకు ముందే చెప్పలేదేం?"

ఆయన వేలు పెట్టి చూపించిన చోట, "దరఖాస్తుదారుకు మీరేమవుతారు?" అన్న ప్రశ్న ఎదురుగా, దానమ్మ వంకర అక్షరాలతో ఒక్క మాట రాసింది: కన్నతల్లిని.