మెట్ల మీది సిగ్నల్

ఆ మెట్లు చూస్తేనే సరోజినికి అసహ్యం.

షాదీపూర్‌లోని ఆ గల్లీ మొత్తానికి ఫోన్ పలికేది ఆమె ఇంటి ముందున్న మూడు మెట్ల మీదే. పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు అక్కడ తిష్ఠ వేస్తారు. ఎదురింటి లోకనాథం పాన్ నములుతూ మాట్లాడి, మూడో మెట్టు మూల తుపుక్కున ఉమ్మి పోతాడు. ఇంకొకడు బీడీ ముక్కలు పూలకుండీలో గుచ్చుతాడు. అందరూ స్పీకర్లు పెట్టి అరిచేవాళ్ళే. ఒకరి మూలశంక, ఇంకొకరి విడాకులు, అన్నీ వచ్చి ఆమె వంటింట్లో పడతాయి.

"ఛీ! మనుషులా, పశువులా?" అంటూ రోజుకు రెండుసార్లు ఫినాయిల్ పోసి కడుగుతుంది.

అందరికన్నా రోత పుట్టించేది కళ. వెనకింట్లో ఉంటుంది, చేపలమ్ముతుంది. ప్రతి ఆదివారం సాయంత్రం చేపలు అయిపోయిన టబ్బు పక్కన దించుకుని స్నేహితురాలితో గంటసేపు కబుర్లాడుతుంది. టబ్బులోని నీచు నీళ్ళు మెట్ల మీదుగా కారుతూనే ఉంటాయి. కళ ఫోన్ పెట్టేసిన మరుక్షణం సరోజిని తలుపు తెరిచి నోరు విప్పుతుంది.

"ఒసే, ఈ కంపు ఎవరు కడుగుతారే? మీ అమ్మొచ్చి కడుగుతాదా?"

"నేనే కడిగేస్తాలే ఆంటీ," అని నవ్వుతుంది కళ. కడగదు.

గల్లీవాళ్ళు పెట్టిన అర్జీ ఫలించి ఓ ఆదివారం మధ్యాహ్నం ఫోన్ కంపెనీ ఇంజనీరు మణికుమార్ వచ్చాడు. మీటరు పట్టుకుని వీధంతా తిరిగి, మెట్ల దగ్గర ఆగాడు.

"టవర్ కొండకి అవతల ఉంది ఆంటీ. సిగ్నల్ కొండలోంచి దూరలేదు. అదిగో, ఆ రెండు మేడల సందులోంచి సీదా వచ్చి మీ మెట్ల మీద పడుతోంది. రెండడుగులు పక్కకి జరిగితే ఖతం."

"నా ఖర్మ!"

"ఇంక ఆ బాధ లేదు. మీ డాబా మీద చిన్న రిపీటర్ పెడతాం. అది సిగ్నల్ పట్టుకుని గల్లీ అంతా పంచుతుంది. ఎవరింట్లో వాళ్ళు మాట్లాడుకోవచ్చు. మీ సంతకం ఒక్కటి చాలు, బస్!"

లోకనాథం ఉత్సాహంగా జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. సరోజిని దాన్ని కాగితానికి ఆనించింది. మెట్ల మూల ఎర్ర మరకల వైపు చూసింది.

"అయితే ఇంక ఇక్కడికి ఎవరూ రారా?"

"ఎవరూ రారు ఆంటీ. పక్కా."

సరోజిని పెన్ను లోకనాథం చేతిలో పెట్టేసింది.

"నా డాబా మీద ఒక్క మేకు దిగినా ఊరుకోను. పదండి, పదండి!"

లోకనాథం నోరు వెళ్ళబెట్టాడు. "అదేంటి దీదీ! రోజూ మమ్మల్ని తిట్టిపోస్తావు కదా?"

"రేపూ తిడతాను. పో!"

తలుపు ధడాలున మూసుకుంది.

సాయంత్రం నాలుగున్నరకి కళ వచ్చింది. టబ్బు దించి, ఫోన్ మెట్టు మీద పెట్టి స్పీకర్ నొక్కింది. లోపల సరోజిని ఫ్యాన్ ఆపేసి తలుపుకి చెవి ఆనించింది. నీచు వాసన గుప్పుమన్నా కదల్లేదు.

"కళా, మా బుడ్డోడు ఇవాళ నడిచాడే! నాలుగడుగులు వేశాడు!" ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు సంబరంగా వినిపించింది.

ఆ గొంతు, రెండేళ్ళ కిందట "ఇంక నీ మాట నా చెవిన పడకూడదు" అంటూ సరోజిని తన చేతులతో ఆ మెట్ల మీంచే గెంటేసిన కూతురిది.