నాలుగో పేజీలో చిల్లు

మళ్లీ అదే చోట చిల్లు.

పరిశోధకురాలు పాత పేపర్ల బైండును కిటికీ వెలుగులోకి లాగి చూసింది. నాలుగో పేజీలో, చిన్న ప్రకటనలు వేసే కింది మూలన, అగ్గిపెట్టెలో సగమంత ముక్క లేదు. ఎవరో బ్లేడుతో శుభ్రంగా కోసేశారు. నిన్న తీసిన బైండులోనూ ఇదే తంతు.

ఆమె గాలిస్తున్నది 'సారీ' అన్న మాట కోసం. అది మన పేపర్లలోకి ఎలా జొరబడిందన్నదే ఆమె థీసిస్. వార్తలు రాసేవాళ్లు దాన్ని చాలాకాలం గుమ్మంలోనే నిలబెట్టారు. వాడక తప్పనప్పుడు కొటేషన్లలో బంధించి మరీ వాడారు. చిన్న ప్రకటనల్లో మాత్రం అది దర్జాగా తిరిగింది. అక్కడ మాటకింత అని రేటు మరి. 'క్షమించమని కోరుతున్నాను' అంటే రెండు మాటలు, 'సారీ' అంటే ఒకటే. జనం పొదుపే దాన్ని తెలుగు చేసిందని ఆమె వాదన. తీరా రుజువులు ఉండాల్సిన చోట చిల్లులు. నెలాఖరుకి రుజువు చూపించకపోతే ఆ అధ్యాయం కొట్టేస్తానని గైడు తేల్చి చెప్పాడు.

లైబ్రరీలో ఆ గది చూసుకునే గుమాస్తాని నిలదీస్తే, ఆయన మూలబల్ల వైపు కళ్లతో సైగ చేశాడు. అక్కడ కూర్చునేది భూతద్దం తాత. ఆ పేరు ఆమె, గుమాస్తా కలిసి పెట్టుకున్నదే. రోజూ వస్తాడు. భూతద్దం పట్టుకుని, పెదాలు కదుపుతూ, అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతాడు. చదవడమే అంత కష్టమైన మనిషికి ఇక్కడేం పని? వచ్చిన మొదటిరోజే ఈ పేపరు అప్పట్లో పరాయి దేశాలకి వెళ్లేదా అని అడిగాడట. ఊరి పొలిమేర దాటితే గొప్ప అన్నాడట గుమాస్తా. ఆ జవాబు విన్నాక పెద్దాయన చాలాసేపు కుర్చీలోంచి లేవలేదట.

"వాలకం చూస్తేనే తెలియట్లా? రెడ్ హ్యాండెడ్‌గా దొరకనీ, పోలీసులకి అప్పగిస్తా. లేకపోతే నా ఉద్యోగానికి ఎసరు" అన్నాడు గుమాస్తా.

ఆమె ఊరుకోలేదు. ఇంకో లైబ్రరీలో అవే తేదీల పేపర్లు సంపాదించింది. కోసేసిన చోట ఏటా ఒకటే ప్రకటన, ఒకే తారీఖున: "తమ్ముడూ, సారీ. ఇంటికి రా. అన్న."

థీసిస్ గట్టెక్కింది. ఆ ముసలాయన మీద అనుమానం మాత్రం ఇప్పుడు కోపమైంది.

మర్నాడు ఆయన జేబులోంచి బ్లేడు తీస్తుండగా ఆమె వెళ్లి ఎదురుగా కూర్చుంది. తను తెచ్చిన కాపీలు బల్ల మీద పరిచింది. గుమాస్తా ఫోను చేతిలో పట్టుకుని వెనకే నిలబడ్డాడు.

"మీరేనా కోసింది?"

పెద్దాయన బుకాయించలేదు. కళ్లజోడు పెట్టె తెరిచి ముందుకు జరిపాడు. పసుపెక్కిన ముక్కలన్నీ అందులో పొందిగ్గా పేర్చి ఉన్నాయి.

ఆమెకి ఒళ్లు మండింది. "అచ్చేయించినప్పుడు లేని నామోషీ ఇప్పుడెందుకండీ? తమ్ముడికి సారీ చెప్పినందుకు ఇంత సిగ్గా? ఆయన అసలివి చూశాడో లేదో కనుక్కున్నారా?"

"చూశాడమ్మా. ఈమధ్యే."

"మరి ఇంటికి రాలేదా?"

"వచ్చాడు. అప్పటికి ఇల్లు ఖాళీ."

గుమాస్తా ఫోను దించేశాడు. ఆమె గొంతు కూడా కాస్త మెత్తబడింది.

"అన్నిసార్లు రమ్మని పిలిచి, తీరా వచ్చేసరికి మీరెక్కడికి పోయారు?"

పెద్దాయన కళ్లజోడు తీసి, పెట్టె మూత నెమ్మదిగా మూశాడు.

"నేను అన్నను కాదమ్మా, తమ్ముణ్ణి."